తల్లికి వందనం డబ్బులు మీ ఇంట్లో దేనికి ఖర్చయ్యాయి?

పంతులమ్మ:
బడికెళ్లే పిల్లలున్న తల్లులకి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం కింద, 2025 జూన్‌లో బిడ్డకి 15,000 ప్రకటించి, బడి నిర్వహణకి 2,000 పట్టుకుని, 13,000 తల్లుల ఖాతాల్లో వేశారు కదా. నిజంగా పిల్లల మీదకే వెళ్లాయా? మొహమాటం లేకుండా రాయండి.

ఉండి_లక్ష్మి:
మాకు ఇద్దరు, 26,000 పడ్డాయండి. ముందు ప్రభుత్వంలో ఇలాంటి పథకమే అమ్మఒడి ఉన్నప్పుడు తల్లికి ఒక్క బిడ్డకే ఇచ్చేవాళ్లు. ఆ డబ్బు చూసుకుని బాబుని కాన్వెంట్‌లో వేశాం, పాపని సర్కారు బడిలోనే ఉంచాం. ఈసారి పాప డబ్బులు పాపకే వాడాను. బోర్డు మీద అక్షరాలు కనబడట్లేదని ఏడాదిగా చెబుతోంది. కళ్లజోడుకి 1,800 అయింది. మిగిలింది లెక్కల ట్యూషన్‌కి.

ఆదోని_రైతుబిడ్డ:
జూన్ అంటే మాకు విత్తనాల టైము. మా ఇంటావిడని పత్తి విత్తనాలకి 5,000 అడిగితే ఇచ్చింది గానీ, పిల్లోడి నోటుబుక్కు చివరి పేజీలో అప్పుగా రాసిపెట్టింది. పంట అమ్మేదాకా రోజూ అదే చూపించింది. ఇంకో మాట, హాజరు 75 శాతం లేకుంటే డబ్బులు రావన్న భయంతో మా వీధిలో పిల్లల్ని పత్తి ఏరడానికి పంపడం తగ్గింది.

సత్తెనపల్లి_మావయ్య:
పిల్లల మీదకే వెళ్లాయి, కాదనను. కానీ మధ్యలో స్కూలు వాళ్లు నొక్కేశారు! మా మనవడి ప్రైవేటు బడిలో ఫీజు ఒక్కసారే 5,000 పెంచారు. డబ్బులు పడ్డట్టు మెసేజ్ మాకు రావడం, ఫీజు కట్టమని ఫోన్ రావడం ఒకే రోజు.

పంతులమ్మ:
బాబాయ్ గారూ, అది చాలాచోట్ల వింటున్నాను. ఏ నెలలో వేస్తారన్నది కూడా ముఖ్యమే. అమ్మఒడి 2020, 2021లో జనవరిలో ఇచ్చారు, సరిగ్గా సంక్రాంతి ముందు. మా ఊళ్లో సగం బట్టలకీ పిండివంటలకీ పోయింది. పిల్లలకీ కొత్త బట్టలు వచ్చాయిలెండి, పూర్తిగా దుబారా అనలేం. 2022 నుంచి జూన్‌కి మార్చాక పుస్తకాలు, ఆటో కిరాయి, ఫీజు ముందుకొచ్చాయి.

కొత్తమ్మాయి:
అక్కా, అర్హుల లిస్టులో నా పేరుంది, డబ్బులు పడలేదు. టెన్షన్‌గా ఉంది.

ఉండి_లక్ష్మి:
ఆధార్ ఏ ఖాతాకి మ్యాప్ అయి ఉంటే దానికే వెళ్తాయమ్మా. పాత ఖాతా ఏదైనా ఉంటే పాసుబుక్కు ఎంట్రీ వేయించు. అందులోనూ లేకపోతే మీ ఊరి సచివాలయంలో అడుగు.