ఈ వారం సమస్య: “కాలు లేనివాడె కదలిపోయె”

నిర్వాహకుడు:
పోయిన వారమంతా పద్యాలు పక్కన పెట్టి బోస్టన్ సెల్టిక్స్ బాస్కెట్‌బాల్ జట్టు చేసిన ట్రేడ్ (ఆటగాళ్ళ మార్పిడి) మీద కొట్టుకున్నారు. ఆ కొట్టుకునేదేదో గణాల్లో కొట్టుకోండి. ఇదిగో మీరు పూరించాల్సిన పద్యానికి చివరి పాదం:

కాలు లేనివాడె కదలిపోయె

షరతు ఒక్కటే. 2017 ఆగస్టులో బోస్టన్ వాళ్ళు తుంటి దెబ్బతిన్న ఐజెయా థామస్‌ను క్లీవ్‌లాండ్‌కు పంపి, 25 ఏళ్ళ కైరీ అర్వింగ్‌ను తెచ్చుకున్నారు కదా, ఆ బేరం దాటి బయటికి పోకూడదు. పోయినసారిలా ద్రౌపదిని, దుర్యోధనుణ్ణి మధ్యలోకి లాక్కురావద్దు.

బెంచిబావ:
బోణీ నాదే.

తుంటినొప్పితోటి దూకి యేబదిమూడు
కొట్టినట్టి వాని గుండె మరచి
బోస్టనమ్మివేసె బుద్ధి లేదో యేమొ
కాలు లేనివాడె కదలిపోయె

మే 2న వాషింగ్టన్ విజార్డ్స్ జట్టు మీద ఐజెయా కొట్టిన 53 పాయింట్లు అవి. అంతకు రెండున్నర వారాల ముందే చెల్లెలు కారు ప్రమాదంలో పోయింది. 53 కొట్టిన రోజు ఆ పిల్ల పుట్టినరోజు. ఆ సిరీస్ మొదటి ఆటలో ముందుపన్ను ఊడితే నేల మీంచి ఏరుకుని మళ్ళీ ఆడాడు. ఇలాంటివాణ్ణి అమ్ముకున్న జట్టుకు నేను ఇప్పటికీ చప్పట్లు కొట్టను.

గురులఘువు:
బావగారూ, పద్యం నడిచింది, సమస్య నడవలేదు. కాలు లేనివాడు ఎలా కదిలాడంటే బోస్టన్ అమ్మేసింది కాబట్టి అంటున్నారు. అది వార్త, పూరణ కాదు. ‘లేదో యేమొ’ దగ్గర రెండు దీర్ఘాలు పక్కపక్కన పడి సాగాయి గాని గణం చెడలేదు. అంతవరకు సంతోషం.

చిచ్చుబుడ్డి:
కన్నీళ్ళు తర్వాత తుడుచుకుందాం. ముందు లెక్క చూడండి.

చివరి పేరువాడు చిచ్చరపిడుగైన
చేతిలోన లేదు చీటిముక్క
కోరబోవు సొమ్ము గుర్తొచ్చె తగు సంత
కాలు లేనివాడె కదలిపోయె

జట్లు కొత్తవాళ్ళను వరసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2011లో 60 మందిని పిలిస్తే అరవయ్యోవాడు ఇతను. ఆటకు సగటున 28.9 పాయింట్లు కొడుతూ తీసుకుంటున్నది ఏడాదికి 65 లక్షల డాలర్ల పైచిలుకు. ఆ లీగ్‌లో అది బెంచీ మీద కూర్చునేవాడి జీతం. మరుసటి ఏడాది కాంట్రాక్టు ముగిశాక పెద్ద మొత్తం అడుగుతాడని అందరికీ తెలుసు. తుంటి బాగా లేని, ఐదడుగుల తొమ్మిదంగుళాల, ముప్పైకి దగ్గరపడుతున్న ఆటగాడికి అంత సొమ్ము రాసివ్వడానికి బోస్టన్ మేనేజర్ డానీ ఏంజ్‌కు చేతులు రాలేదు. కాలు కాదండీ, కదిలించింది సంతకం.

బెంచిబావ:
అబ్బ! ‘సంత’ దగ్గర పాదం విరగ్గొట్టడం ఏముంది! సంతలో అమ్మినట్టూ ఉంది, సంతకం లేనట్టూ ఉంది. పద్యానికి దండం పెడతాను, ఏంజ్‌కు మాత్రం పెట్టను.

మల్లెపందిరి:
విరుపు బాగుంది చిచ్చుబుడ్డి గారూ, కాదనను. కాని ఇంకా ఏడాది కాంట్రాక్టు ఉన్నవాడికి ‘చీటిముక్క లేదు’ అంటారేం?

చిచ్చుబుడ్డి:
‘తగు’ అన్నాను కదా అక్కయ్యగారూ. తగిన సంతకాలు లేవు.

మల్లెపందిరి:
రెండు లఘువుల మీద మేడ కట్టారన్నమాట.

గురులఘువు:
‘గుర్తొచ్చె’ గ్రామ్యం. ‘గుర్తాయె’ అంటే అదే గణం, మాటకు మర్యాద.

చిచ్చుబుడ్డి:
జీతం సంగతి మేనేజర్‌కు అర్ధరాత్రి గుర్తొస్తుంది గురువుగారూ. గుర్తాయె అన్నామంటే వాడు పంచె కట్టుకుని నిద్ర లేచినట్టుంటుంది.

కొత్తకలం:
అందరికీ నమస్కారం. మొదటిసారి రాస్తున్నాను, తప్పులుంటే చెప్పండి.

కైరి యడిగినాడు కావలెనని ట్రేడు
కింగునీడ వద్దు గెంతుదునని
వచ్చువాడు వచ్చె వదలి బోస్టను నేడు
కాలు లేనివాడె కదలిపోయె

గురులఘువు:
తమ్ముడూ, ‘ని ట్రే’ చూడు. ట్రే ముందు ‘ని’ గురువైంది, అయిదో గణం కూలింది. మిగతా పద్యం చదవాల్సిన పని లేకపోయింది.

మల్లెపందిరి:
ఎందుకు కూలింది? ‘అని’ వేరు, ‘ట్రేడు’ వేరు. సమాసం కాదు, సంస్కృతమూ కాదు. ఊది పలికితే తప్ప ‘ని’ లఘువే. మీరు ఊదకండి.

గురులఘువు:
వేరు పదమైనా చెవికి గురువుగానే వినబడుతోంది. నియమం నియమమే.

చిచ్చుబుడ్డి:
ఆహా, నియమం! ‘పెరుగు తోడు పెట్ట విరిగిపోయె’ సమస్య ఎవరికైనా గుర్తుందా? దానికి గురువుగారు పంపిన రెండో పాదం ఇది: ‘పాడుపడిన ఫ్రిజ్జు పక్కనుంచి’. ఫ్రి ముందు ‘న’ ఏమైంది స్వామీ? ఆ రోజు ఫ్రిజ్జు పాడైంది కాబట్టి ఊదలేదా?

బెంచిబావ:
😂😂 నాకు గుర్తుంది. ఆ పద్యానికి అరపేజీ వ్యాఖ్యానం కూడా రాశారు.

గురులఘువు:
అది హాస్యపద్యం. అక్కడ కాస్త సడలింపు ఉంటుంది. పైగా ఆ చర్చ అప్పుడే ముగిసింది.

చిచ్చుబుడ్డి:
మీరు ముగించారు. మేము ముగించలేదు.

మల్లెపందిరి:
కొత్తకలం బాబూ, వీళ్ళ గొడవ నీకొద్దు. ‘గట్టిగానే ట్రేడు’ అని మార్చుకో. ‘నే’ ఎటూ గురువే, ట్రే ఏం చేయలేదు. యతీ నిలబడుతుంది. రెండో పాదం మాత్రం ముట్టుకోకు, క్లీవ్‌లాండ్ కింగు లెబ్రాన్ నీడలోంచి గెంతడం చక్కగా వచ్చింది. కాని గురువుగారు బెంచిబావగారికి చెప్పిందే నీకూ చెప్పాలి. వచ్చినవాడు ఎందుకొచ్చాడో చెప్పావు, పోయినవాడికి కాలు ఎందుకు లేదో చెప్పలేదు.

కొత్తకలం:
ధన్యవాదాలు మేడమ్. మార్చాను. ఫ్రిజ్జు పద్యం మొత్తం ఎక్కడైనా దొరుకుతుందా?

నిర్వాహకుడు:
దొరకదు. ముందుకు పదండి.

మల్లెపందిరి:
సరే, నాది.

చివరి గడియలోన చెలరేగు మొనగాడు
కేవలీర్లతోడ గెలుపువేట
సగమువద్ద నాగె సాగక నాల్గవ
కాలు లేనివాడె కదలిపోయె

కాలంటే పావు. ఆటలో నాలుగు కాళ్ళు, అంటే నాలుగు క్వార్టర్లు. నాలుగో క్వార్టర్లో విజృంభిస్తాడనే కదా ఐజెయాకు ఆ ఏడు అంత పేరొచ్చింది. మే 19న క్లీవ్‌లాండ్ కేవలీర్లతో ఈస్ట్ ఫైనల్ రెండో ఆటలో బోస్టన్ వాళ్ళు సగం అయ్యేసరికి 72–31తో చితికిపోయారు. విరామం తర్వాత అతను కోర్టులోకి రాలేదు. తుంటి నొప్పి. మిగతా సిరీసూ లేదు. బోస్టన్ చొక్కాలో అతను ఆడిన ఆఖరి ఆటకు నాలుగో కాలు లేదు.

బెంచిబావ:
అక్కయ్యగారూ, రోమాలు నిక్కబొడుచుకున్నాయి. 130–86తో ముగిసిన ఆట అది. నేను మూడో క్వార్టర్లోనే టీవీ కట్టేశాను.

చిచ్చుబుడ్డి:
విరుపు లేదు, శ్లేషే ఉంది. అయినా ఒప్పుకుంటున్నాను, ‘నాల్గవ కాలు’ మంచి పట్టు. కాని ‘సగమువద్ద నాగె’ అన్నాక మళ్ళీ ‘సాగక’ ఎందుకు? ఆగినది సాగదని అందరికీ తెలుసు. ఒక గణం నింపడానికి ఒక మాట.

మల్లెపందిరి:
వేట ఆగింది, కాలు సాగలేదు. రెండూ వేరు. ‘చిచ్చరపిడుగు’ అని సంతకం కింద సొంత పేరు ఇరికించుకున్నవారికి గణం నింపడం గురించి నేను చెప్పాలా?

చిచ్చుబుడ్డి:
అది యాదృచ్ఛికం.

మల్లెపందిరి:
దీపావళి సమస్యలోనూ యాదృచ్ఛికమే.

గురులఘువు:
విషయం మీద ఒక అభ్యంతరం. అసలు కాలు పోయినవాడు వేరే ఉన్నాడు. 2017 అక్టోబర్ 17న సీజన్ మొదటి ఆట, అదీ క్లీవ్‌లాండ్‌లోనే. మొదలై ఐదారు నిమిషాలు కాలేదు, బోస్టన్ ఆటగాడు గోర్డన్ హేవర్డ్ ఎడమ కాలు విరిగింది. చూసినవాళ్ళెవరూ మర్చిపోలేరు. అతను 2020 దాకా బోస్టన్‌లోనే ఉన్నాడు. కాలు లేనివాడు కదల్లేదు. సమస్యే తిరగబడింది.

నిర్వాహకుడు:
షరతు చూడండి. బేరం ఆగస్టుది. అక్టోబర్ కాలు చెల్లదు.

చిచ్చుబుడ్డి:
పూరణ పంపకుండా అభ్యంతరాలు మాత్రం పంపుతున్నారు. ఫ్రిజ్జు బాగైందా?

బెంచిబావ:
లెక్క లెక్క అంటున్నారు కదా, లెక్కే చూద్దాం. క్లీవ్‌లాండ్ డాక్టర్లు తుంటి చూసి పెదవి విరిచారు. బేరం వారం రోజులు వేలాడింది. చివరికి బోస్టన్ ఇంకేమిచ్చింది? 2020 డ్రాఫ్ట్‌లో రెండో రౌండు పిక్ (కొత్తవాణ్ణి ఎంచుకునే హక్కు) ఒకటి, అదీ మయామీ దగ్గర్నుంచి తెచ్చుకున్నది. చెల్లెలు పోయిన మర్నాడు కోర్టులోకి దిగినవాడి తుంటికి కట్టిన ఖరీదు అది.

చిచ్చుబుడ్డి:
ఖరీదు కట్టడమే వాళ్ళ పని బావగారూ. 2013లో పియర్స్‌ను, గార్నెట్‌ను బ్రూక్లిన్‌కు అమ్మినప్పుడు కూడా ఊరంతా ఏడ్చింది. ఆ బేరంలో వచ్చిన పిక్కుల పుణ్యమే జేలెన్ బ్రౌన్, జేసన్ టేటమ్. 2024లో కప్పు వచ్చినప్పుడు మీరు వీధిలో గంతులేశారని విన్నాను. ఐజెయా సంగతి చూడండి. క్లీవ్‌లాండ్‌లో 15 ఆటలు ఆడాడు, ఫిబ్రవరిలో లేకర్స్‌కు పంపేశారు, మార్చిలో తుంటికి ఆపరేషన్. ఏంజ్ అంచనా తప్పిందా?

మల్లెపందిరి:
ఐజెయా విషయంలో తప్పలేదు. కైరీ విషయంలో? మొదటి ఏడే మోకాలి ఆపరేషన్, ప్లేఆఫ్స్‌కు లేడు. కైరీ, హేవర్డ్ ఇద్దరూ లేకుండా టేటమ్, రోజియర్ లాంటి కుర్రాళ్ళే లెబ్రాన్‌తో ఏడో ఆట దాకా పోరాడారు. 2018 అక్టోబర్లో కైరీ అభిమానుల ముందు మైకు పట్టుకుని ఇక్కడే ఉంటానన్నాడు. తర్వాతి వేసవిలో బ్రూక్లిన్‌కు పోయాడు. దెబ్బ తిన్నవాణ్ణి అమ్మి కుర్రవాణ్ణి కొంటే, కుర్రవాడు దెబ్బా తిన్నాడు, చేయీ ఇచ్చాడు.

చిచ్చుబుడ్డి:
వడ్డనలో రాయి పడింది నిజమే. అంతమాత్రాన బియ్యం కొనడం తప్పు కాదు.

కొత్తకలం:
ఈ చర్చ చూస్తుంటే ఒక పాదం తట్టింది. సరిపోతుందేమో చూడండి:

మాట లేనివాడె మరలిపోయె

బెంచిబావ:
శభాష్! తమ్ముడు ఒక్క రోజులో ముదిరాడు.

గురులఘువు:
యతి సరే. గణాలు సరే. ‘మరలిపోయె’ అంటే వచ్చిన చోటికే తిరిగి వెళ్ళాలి కదా? కైరీ వచ్చింది క్లీవ్‌లాండ్ నుంచి, వెళ్ళింది బ్రూక్లిన్‌కు.

మల్లెపందిరి:
అతను పెరిగింది న్యూజెర్సీలో. బ్రూక్లిన్ నెట్స్ కూడా 2012 దాకా న్యూజెర్సీ నెట్సే. మరలిపోయినట్టే లెక్క.

గురులఘువు:
...సరే.

నిర్వాహకుడు:
గురువుగారు ‘సరే’ అన్నారు, అందరూ చూసి ఉంచుకోండి. ఈ వారానికి మల్లెపందిరి గారి ‘నాల్గవ కాలు’ మొదటిది, చిచ్చుబుడ్డి గారి ‘సంత’ దాని వెనకే. రెండో స్థానం మీద అప్పీళ్ళు తీసుకోబడవు. వచ్చే వారం సమస్య కొత్తకలం పాదమే. షరతు: ఎవరూ ఫ్రిజ్జు ఊసెత్తకూడదు.

చిచ్చుబుడ్డి:
అప్పీలు.