పెథిక్-లారెన్స్ దంపతులని ఉద్యమం నుంచి ఎందుకు పంపించేశారు?

నీలిసిరా:
పోటీ పరీక్షలకి చదివేటప్పుడు 1946 క్యాబినెట్ మిషన్ అంటే క్రిప్స్, అలెగ్జాండర్, పెథిక్-లారెన్స్ అని మూడు పేర్లు బట్టీ కొట్టాం కదా. అందులో ఫ్రెడరిక్ పెథిక్-లారెన్స్ అనే ఆయన బ్రిటన్‌లో ఆడవాళ్ళ ఓటు కోసం 1912లో జైలుకెళ్ళాడని, లోపల నిరాహార దీక్ష చేస్తే గొట్టం వేసి బలవంతంగా తిండి ఎక్కించారని నాకు నిన్ననే తెలిసింది, రాత్రంతా అదే ఆలోచన. భార్య ఎమ్మెలిన్‌ది కూడా అదే కేసు, అదే శిక్ష. ఇద్దరూ ఆస్తి, ఆరోగ్యం అన్నీ పెట్టారు. అలాంటివాళ్ళని బయటికొచ్చిన నాలుగు నెలలకే ఉద్యమం నడిపే పాంక్‌హర్స్ట్ తల్లీకూతుళ్ళు తమ సంఘం నుంచి వెళ్ళిపొమ్మన్నారట. ఎందుకు? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

పాతపేపర్లు:
ముందు ఒకటి చెప్పాలండి, ఫ్రెడరిక్ గారు ఆ సంఘంలో ఎప్పుడూ సభ్యుడు కాదు, డబ్ల్యూఎస్‌పీయూలో (విమెన్స్ సోషల్ అండ్ పొలిటికల్ యూనియన్) సభ్యత్వం ఆడవాళ్ళకే. అయినా పని చూస్తే సగం ఆయన మీదే నడిచేది. 1901లో పెళ్ళప్పుడే ఇద్దరి ఇంటిపేర్లూ కలిపి పెట్టుకున్నారు, ఆ రోజుల్లో అది ఎంత పెద్ద విషయమో ఆలోచించండి. 1906లో ఎమ్మెలిన్ కోశాధికారి అయ్యాక లండన్‌లో క్లెమెంట్స్ ఇన్‌లో వాళ్ళుండే చోటే సంఘానికి ఆఫీసు అయిపోయింది. 1907 అక్టోబర్‌లో ఓట్స్ ఫర్ విమెన్ పత్రిక మొదలుపెట్టి ఇద్దరూ కలిసే ఎడిట్ చేశారు. దాన్ని అమ్మే ఆడవాళ్ళు ఫుట్‌పాత్ ఎక్కితే దారికి అడ్డమని కేసు పెడతారని కిందకి దిగి రోడ్డు పక్క కాలవ అంచున నిలబడి అమ్మేవాళ్ళు, వానలో కూడా. సంఘానికి గుర్తుగా ఊదా, తెలుపు, ఆకుపచ్చ రంగులు ఎంచింది కూడా ఎమ్మెలినే, 1908 జూన్ 21న హైడ్ పార్క్ సభకి ఆ రంగులతోనే వచ్చారు జనం. అరెస్టయిన ఆడవాళ్ళకి పోలీస్ స్టేషన్ చుట్టూ తిరిగి జామీను పడేది ఫ్రెడరిక్.

ఇక మీ ప్రశ్న. 1912 మార్చిలో లండన్ షాపుల అద్దాలు పగలగొట్టారు కదా, దానికి కుట్ర కేసు పెట్టి వీళ్ళిద్దర్నీ, మిసెస్ పాంక్‌హర్స్ట్‌నీ పట్టుకున్నారు, ఆమె కూతురు క్రిస్టబెల్ మాత్రం తప్పించుకుని పారిస్ వెళ్ళిపోయింది. ముగ్గురికీ తలా తొమ్మిది నెలలు. రాజకీయ ఖైదీలుగా చూడమని పోట్లాడితే వీళ్ళకి ఇచ్చారు, మిగతా ఆడవాళ్ళకి ఇవ్వలేదు, అందుకే జూన్‌లో నిరాహార దీక్ష. తమకి దక్కింది మిగతావాళ్ళకి దక్కలేదని తిండి మానేశారు, నాకు వీళ్ళ మీద గౌరవం పుట్టింది అక్కడే. ఎమ్మెలిన్‌కి ఒక్కసారి గొట్టం వేసేసరికే బాగా జబ్బు చేసింది, ఫ్రెడరిక్‌కి రోజుకి రెండుసార్లు చొప్పున కొన్ని రోజులు వేశారు. జూన్ నెలాఖరుకి వదిలారు. తర్వాత ఫ్రాన్స్‌లో బులోన్‌లో పాంక్‌హర్స్ట్‌లని కలిసినప్పుడు తేడా వచ్చింది. వాళ్ళు ఇంకా ముందుకెళ్ళి ఆస్తుల మీద దాడులు పెంచుదామన్నారు, వీళ్ళేమో ముందు జనాన్ని మనవైపు తిప్పుకుందాం అన్నారు. ఆ తర్వాత వీళ్ళు కెనడా వెళ్ళి వచ్చేసరికి ఆఫీసే వేరే బిల్డింగ్‌కి మారిపోయింది, అందులో వీళ్ళకి గది లేదు. 1912 అక్టోబర్‌లో విడిపోయినట్టు ప్రకటించారు.

వేలంపాట:
పైన చెప్పింది కరెక్టే కానీ డబ్బు సంగతి వదిలేశారు. కేసు ఖర్చులు కట్టమని కోర్టు అంటే ఫ్రెడరిక్ కట్టను అన్నాడు. దాంతో సర్రేలో హోమ్‌వుడ్ దగ్గర ఉన్న వాళ్ళ ఇంటికి జప్తు మనుషులు వచ్చి కూర్చున్నారు, సామాన్లన్నీ వేలం వేశారు. ఆ వేలానికి వీళ్ళ స్నేహితులు వచ్చి వస్తువులు పాడుకుని మళ్ళీ వాళ్ళకే ఇచ్చేశారు. ఇంట్లో వస్తువుకి వస్తువు ధర పలుకుతుంటే అక్కడే నిలబడి చూడటం ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించుకోండి. అదీ చాలక 1913లో దివాలా కూడా తీయించారు, తర్వాత బాకీలన్నీ పూర్తిగా తీర్చేశాడు. ఇన్ని జరిగినా పాంక్‌హర్స్ట్‌ల మీద జనంలో రచ్చ చేయలేదు వీళ్ళు. నాకైతే ఇది ఘోరమైన అన్యాయం, ఇంకో మాట లేదు.

చరిత్రపిచ్చి:
అన్యాయమే, కాదనను. కానీ మిసెస్ పాంక్‌హర్స్ట్ వైపు నుంచి కూడా చూడాలండి. ఆమెకి పోగొట్టుకోవడానికి ఆస్తి లేదు, వీళ్ళకి ఉంది, అద్దాలు పగిలిన షాపులవాళ్ళు, ప్రభుత్వం అందరూ ఆ డబ్బు మీదే పడతారు, వీళ్ళని పట్టుకుని ఉద్యమం మెడలు వంచుతారు అని ఆమె భయం. కెనడాలోనే ఉండిపోయి అక్కడ పని చూడమని ఉత్తరం కూడా రాసింది. ఆ భయంలో నిజం ఉంది. పద్ధతి మాత్రం నాకూ నచ్చలేదు, ఆరేళ్ళు కలిసి పనిచేసిన మనుషులకి ముఖాముఖి కూర్చుని చెప్పాల్సింది పోయి కుర్చీ తీసేసి చెప్పడం ఏంటి.

నీలిసిరా:
అందరికీ థాంక్స్ అండి. ఆ తర్వాత వాళ్ళు ఉద్యమం మానేశారా?

పాతపేపర్లు:
లేదండి. పత్రిక వాళ్ళ చేతిలోనే ఉంది, నడిపారు, 1914లో యునైటెడ్ సఫ్రజిస్ట్స్‌కి ఇచ్చేశారు, ఆ సంఘంలో మగవాళ్ళు కూడా చేరొచ్చు. 1915లో యుద్ధం మధ్యలో ఎమ్మెలిన్ హేగ్‌లో ఆడవాళ్ళ శాంతి సభకి వెళ్ళింది. 1918లో ముప్పై దాటిన ఆడవాళ్ళకి, అదీ కొన్ని షరతులతో, ఓటు వచ్చింది, ఆ ఎన్నికల్లోనే ఆమె మాంచెస్టర్‌లో నిలబడి ఓడిపోయింది. ఫ్రెడరిక్ 1923లో లెస్టర్ వెస్ట్‌లో లేబర్ తరఫున గెలిచాడు, ఓడింది ఎవరనుకున్నారు, చర్చిల్. మగవాళ్ళతో సమానంగా ఆడవాళ్ళకి ఓటు 1928లో గానీ రాలేదు, అప్పుడు ఆయన పార్లమెంటులోనే ఉన్నాడు. ఎమ్మెలిన్ 1954లో పోయింది, అప్పటికి వాళ్ళ పెళ్ళై యాభై రెండేళ్ళు.