రాత్రి 12 దాటగానే టైమర్ మళ్లీ మొదటికొస్తోంది, ఏం చేయాలి?

మాది పర్లాకిమిడి. టిఫిన్ కొట్టు కోసం 4కే లేవాలి. రాత్రిళ్లు రీల్స్‌తో నిద్ర పాడవుతోంది. వారం పాటు క్యాలెండర్ మీద రాసి చూస్తే 17 గంటలు! మినప్పప్పు పావుకిలో కూడా లెక్క చూసుకునే మనిషిని.

ఆండ్రాయిడ్ ఫోన్ డిజిటల్ వెల్‌బీయింగ్‌లో (ఫోన్ వాడకాన్ని అదుపు చేసుకునే సెట్టింగ్) ఆ రీల్స్ యాప్‌కి 30 నిమిషాల టైమర్ పెట్టాను. 11:20కల్లా అయిపోయి యాప్ ఆగిపోతుంది. 12 కాగానే కొత్త రోజు కదా, మళ్లీ 30 నిమిషాలు వచ్చేస్తాయి. వాటికోసం మేలుకుని కూర్చుంటున్నాను (చెప్పుకోడానికే సిగ్గు). బెడ్‌టైమ్ మోడ్ పెడితే తెర నలుపు తెలుపైంది, అలాగే చూశాను. ఫోన్ పక్కగదిలో పెడితే అలారం వినబడక కొట్టు 6:10కి తెరిచాను.

రాత్రి 10 నుంచి తెల్లవారి 4 దాకా ఆ ఒక్క యాప్ తెరుచుకోకుండా, అలారం మాత్రం మోగేలా ఎలా పెట్టుకోవాలి?