ప్రాసిక్యూటర్‌గా ఉంటూ జిల్లా జడ్జి పరీక్ష రాసినవారు ఉన్నారా?

మా అక్క కోనసీమలో తొమ్మిదేళ్లుగా అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్, అంటే క్రిమినల్ కేసుల్లో ప్రభుత్వం తరఫున వాదించే లాయరు. సంక్రాంతి వెళ్లిందంటే కోడిపందేల కేసుల కట్టలు మా వంటగది దాకా వస్తాయి. ఇప్పుడు జిల్లా జడ్జిగా నేరుగా నియమించే పరీక్ష రాస్తానంటోంది.

దానికి రాజ్యాంగం 233వ అధికరణం ప్రకారం కనీసం ఏడేళ్లు న్యాయవాదిగా ఉండాలి. సర్కారు జీతగాళ్లు న్యాయవాదులెలా అవుతారని ఊళ్లో ఒక పెద్దాయన తేల్చేశారు. కోర్టులో వాదించే ప్రాసిక్యూటర్లూ అర్హులేనని 2013లోనే సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి ఆ బెంగ లేదు.

బెంగంతా సివిల్ గురించే. లంక భూమి హద్దులు, బోదె నీళ్ల వాటాలు, కొబ్బరిచెట్టు ఎవరి గట్టు మీదుందన్న తగాదాలు ఆమె ఏనాడూ వాదించలేదు. నిన్న రాత్రి నమూనా తీర్పు రాసింది. మూడు పేజీల్లోనూ ప్రతివాదిని ‘నిందితుడు’ అనే రాసింది! నేను నవ్వితే కాగితాలు లాక్కుంది.

ప్రాసిక్యూషన్ నుంచి న్యాయపీఠానికి వెళ్లినవారు దయచేసి చెప్పండి. విచారణాంశాలు (కేసులో కోర్టు తేల్చాల్సిన ప్రశ్నలు) రూపొందించడం, సివిల్ తీర్పు రాయడం ఎలా సాధన చేశారు? ఉద్యోగం చేస్తూనే చదివారా, సెలవు పెట్టారా? ఒకప్పుడు తాము నడిపిన కేసే తమ ముందుకు వస్తే ఏం చేశారు? ఈ చివరిది అమ్మ అడగమంది.