తమ్ముడి గుర్రబ్బండి పందేల సస్పెన్షన్: నేరుగా కోర్టుకు వెళ్లొచ్చా?

కొర్లగుంట అన్న:
మా తాత తిరుపతి రైల్వేస్టేషన్ దగ్గర జట్కా తోలేవాడు. ఆ పగ్గాలు ఇప్పటికీ మా వసారాలో మేకుకు వేలాడుతున్నాయి, చేయి పట్టే చోట తోలు నల్లగా నున్నబడిపోయింది. ఆ పిచ్చే తమ్ముణ్ణి ఆస్ట్రేలియాలో విక్టోరియా దాకా తీసుకెళ్లింది. అక్కడ రెండు చక్రాల బండి పందేల్లో తోలుతున్నాడు. పోయిన వారం పక్క గుర్రానికి అడ్డం వచ్చాడని స్టీవార్డులు (పందేలను పర్యవేక్షించే అధికారులు) నాలుగు వారాలు సస్పెండ్ చేశారు. వీడియో ఒక వైపు నుంచే చూపించారట. రాత్రి ఫోన్లో ఏడ్చాడు. కోర్టుకు పోవచ్చా?

చిత్తూరు లాయర్:
ముందు అప్పీలు అన్నా. అక్కడ 2019 నుంచి విక్టోరియన్ రేసింగ్ ట్రైబ్యునల్ ఉంది, మామూలు గుర్రప్పందేలు, బండి పందేలు, గ్రేహౌండ్ కుక్కల పందేలు మూడింటికీ అదే. వీడియో వేయించి వాదించుకోవచ్చు. సుప్రీంకోర్టు (అక్కడ రాష్ట్రానికీ ఒకటుంటుంది) జ్యుడీషియల్ రివ్యూలో అడ్డం వచ్చాడా లేదా అని చూడదు. తన మాట చెప్పుకోనిచ్చారా, అధికారం దాటారా అన్నదే చూస్తుంది. మన దగ్గర రాజ్యాంగం 226 అధికరణ కింద హైకోర్టులో వేసే రిట్ లాంటిదే. అక్కడ ఆ రివ్యూ వేయడానికి గడువు 60 రోజులు. అప్పీలు గడువు చాలా తక్కువ, ఈరోజే కదలమను.

పీలేరు నుంచి:
స్టే కూడా అడగమనండి అన్నా. లేకపోతే విచారణకు వచ్చేలోపే నాలుగు వారాలూ అయిపోతాయి.

కొర్లగుంట అన్న:
ఇప్పుడే మాట్లాడాను. రెండో కెమెరా వీడియో ఇవ్వమని మెయిల్ రాస్తున్నాడు. మీ ఇద్దరికీ దండం.