లేత్ హెడ్‌స్టాక్ లోపలి గోడలు: పాత రంగు తీసి కొత్తది వేయాలా, బీడునే (పోత ఇనుమునే) వదిలేయాలా?

కూకట్‌పల్లి టర్నర్

అందరికీ నమస్కారం. మా షాపులోని ఆరడుగుల ఆల్ గేర్డ్ (స్పీడులన్నీ గేర్లతోనే మారే) లేత్‌కు స్పిండిల్, అంటే పని ముక్కను తిప్పే ప్రధాన ఇరుసు, బేరింగులు మార్చవలసి వచ్చి, ఆ స్పిండిల్, గేర్లు ఉండే పెట్టె అయిన హెడ్‌స్టాక్‌ను పూర్తిగా విప్పాము. యంత్రం 1970ల నాటిది. స్పిండిల్, లే షాఫ్టు, గేర్లు, షిఫ్టర్ ఫోర్కులు అన్నీ బయటికి వచ్చేశాయి కనుక ఇప్పుడు బెడ్డు మీద ఖాళీ పెట్టె మాత్రమే ఉంది. లోపలి గోడలకు ఒకప్పుడు లేత పసుపు రంగు వేసి ఉన్నారు. అది అక్కడక్కడ పొక్కులు లేచింది, స్క్రేపర్ మొన తగిలిస్తే చాలు, గోరంత పెచ్చులుగా ఊడి వస్తోంది. పెచ్చును తిరగేసి చూస్తే వెనకవైపు కూడా నల్లటి నూనె పట్టి ఉంది. ఆయిల్ పంపు జాలీలో చిక్కుకున్నవి కూడా ఈ పెచ్చులే. లోపలంతా శుభ్రం చేసి మళ్లీ రంగు వేయడం మంచిదా, వేస్తే ఏ రంగు వేడి నూనెలో ఏళ్ల తరబడి నిలుస్తుంది, అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరు.

బెజవాడ ఆటోనగర్

పెచ్చు వెనకవైపు నూనె ఉందంటే రంగు బీడును ఎప్పుడో వదిలేసి, పక్కనున్న పొరను పట్టుకొని మాత్రమే వేలాడుతోందని అర్థం. దాని మీద కొత్త రంగు వేస్తే అది కూడా పాత రంగుతో పాటే ఊడుతుంది కాబట్టి, గట్టిగా ఉన్నట్టు కనిపించే చోట కూడా మొత్తం తీసేయడమే సరైన పని.

అసలు లోపల రంగు ఎందుకు వేస్తారో చూస్తే మీ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. హెడ్‌స్టాక్ ఇసుక అచ్చులో పోసిన బీడు. మెషినింగ్ చేయని లోపలి గోడలు, పక్కటెముకల మూలలు, బేరింగ్ ఇళ్ల వెనకభాగం పోత పోసినప్పటి గరుకుతనంతోనే ఉంటాయి, ఆ గరుకులో ఇసుక రేణువులు ఇరుక్కొని ఉంటాయి. గేర్ల అదురుకు, వేడి నూనె తాకిడికి అవి ఒక్కొక్కటిగా రాలి నూనెతో పాటు బేరింగులలోకి చేరతాయి. ఇసుకను ఉన్నచోటనే బంధించి ఉంచడం రంగు చేసే మొదటి పని. నునుపైన గోడ మీద నూనె త్వరగా జారి అడుగుకు చేరడం, మడ్డి పట్టకుండా ఉండడం, యంత్రం చాలాకాలం ఆగిపోయినప్పుడు పైభాగం తుప్పు పట్టకపోవడం ఆ తర్వాతి లాభాలు.

కనుక రంగు డబ్బా తెరిచే ముందు ప్రతి మూలనూ మొండి ఉలితోనో, పాత ఫైలును సాన పట్టి చేసుకున్న గీకుడు పలకతోనో గీకి చూడండి. గీరితే రాలిపోయే ఇసుకను రంగుతో కప్పకండి, రాల్చేయండి. నేను విప్పి చూసిన పాత యంత్రాలలో ఎక్కువ ఇసుక దొరికింది డ్రెయిన్ ప్లగ్ చుట్టూ ఉండే మూలల్లోనే.

విశాఖ ఫిట్టర్

శుభ్రం చేసే క్రమం గురించి నేను చెబుతాను, ఎందుకంటే రంగు నిలవడమూ నిలవకపోవడమూ చాలావరకు ఇక్కడే తేలిపోతుంది.

ముందు మడ్డిని చేత్తో తోడేసి, కిరోసిన్‌తో బ్రష్షు పెట్టి కడగాలి. పెట్రోలు మాత్రం ఎవరూ వాడవద్దు. మన ఎండాకాలపు వేడిలో కిరోసిన్ ఆవిరి కూడా నిప్పు రవ్వకు అంటుకోగలదు, కాబట్టి పక్కన గ్రైండింగు, వెల్డింగు ఆపించి పని చేయాలి. కిరోసిన్ తనే ఒక పలచటి నూనె పొరను వదిలి వెళ్తుంది, దాని మీద ఏ రంగూ పట్టదు. అందుచేత తర్వాత వేడి నీళ్లలో డిటర్జెంటు కలిపి కడిగి, మంచినీటితో జాడించి, వెంటనే గాలి కొట్టి ఆరబెట్టాలి. కొందరు కాస్టిక్ సోడా వాడతారు. అది నూనెను బాగా తీస్తుంది గానీ అల్యూమినియం మూతలను, నేమ్‌ప్లేట్లను తినేస్తుంది, కంటికి తగిలితే చూపే పోవచ్చు, కనుక కళ్లద్దాలు, రబ్బరు చేతితొడుగులు లేకుండా దాని జోలికి వెళ్లకండి.

పాత రంగును పొడిగా ఎమరీ పేపరుతో రుద్దకండి. ఆ కాలపు పసుపు, ఎరుపు రంగులలో సీసం ఉండే అవకాశం ఉంది, ఆ దుమ్ము పీల్చడం మంచిది కాదు. రంగు తీసే ద్రావకం రాసి, మెత్తబడ్డాక తడిగానే గీకి, ఆ చెత్తను విడిగా సంచిలో కట్టేయండి.

తర్వాతి మెట్టును చాలామంది వదిలేస్తారు. బీడు సన్నటి రంధ్రాలలో ఏళ్ల తరబడి నూనె ఇంకి ఉంటుంది. హాట్ ఎయిర్ గన్‌తో గోడను నెమ్మదిగా, అంతటా సమంగా, చేయి పెట్టలేనంత వేడి చేస్తే ఆ నూనె చిన్న చిన్న చెమట బొట్లుగా పైకి వస్తుంది. తుడిచి, చల్లారనిచ్చి, థిన్నర్‌తో తుడిచి, మళ్లీ వేడి చేయాలి. బొట్లు రావడం ఆగేదాకా ఇలాగే సాగాలి. ఓపిక కావలసిన పని ఇది. గ్యాస్ మంట పెట్టి ఒక్కచోటే కాల్చడం మాత్రం తప్పు, బేరింగ్ బోరు (బేరింగు కూర్చునే రంధ్రం) ఆకారం చెడిపోవచ్చు, కాస్టింగ్ పగలనూ వచ్చు.

మా సముద్రపు గాలిలో కడిగిన బీడు చూస్తుండగానే తుప్పు రంగు తిరుగుతుంది. వర్షం పడే రోజున, తెల్లవారుజామున మంచు ఉన్నప్పుడు రంగు పని పెట్టుకోకండి. ఎండ ఎక్కి, లోహం పూర్తిగా వెచ్చబడ్డాక వేయండి.

మోటార్ వైండర్

రంగు విషయానికి వస్తే, మోటారు వైండింగు మీద చివరి పూతగా మేము వాడే ఎర్రటి ఇన్సులేటింగ్ వార్నిష్ ఈ పనికి బాగా పనికివస్తుంది. ఇది గాలికి ఆరే ఆల్కిడ్ (ఒక రకం కృత్రిమ రెసిన్) రకం. అమెరికాలో పాత యంత్రాలు బాగుచేసేవారు జనరల్ ఎలక్ట్రిక్ తెచ్చిన గ్లిప్టాల్ అనే ఎర్ర ఎనామిల్‌ను ఎంతో నమ్మకంగా వాడతారు, అదీ ఈ కుటుంబానిదే. మన ఊళ్లలో ఏ వైండింగ్ సామాను దుకాణంలో అడిగినా ఇటువంటిది దొరుకుతుంది. రెండు పలచటి పూతలు వేయాలి, మొదటిది పూర్తిగా ఆరిన తర్వాతనే రెండవది. మందంగా ఒకే పూత వేస్తే పైన ఆరి లోపల పచ్చిగా ఉండిపోతుంది, వేడి నూనె తగిలాక అదే ముడతలు పడుతుంది.

మామూలు రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ మీద గేటుకు వేసే ఎనామిల్ వేసిన హెడ్‌స్టాకులు మరమ్మతుకు వచ్చినప్పుడు చూశాను. రంగు మెత్తబడి, వేలితో తోస్తే జారిపోతోంది.

విశాఖ ఫిట్టర్

వైండర్ గారితో ఏకీభవిస్తాను గానీ, నా ఎంపిక రెండు భాగాల ఎపాక్సీ, అందులోనూ పాలీఅమైడ్ హార్డెనర్ (గట్టిపరిచే రెండో భాగం) ఉన్న రకం, ఎందుకంటే తేమను అది కాస్త ఎక్కువ ఓర్చుకుంటుంది. డబ్బా మీద రాసిన నిష్పత్తిలో సరిగ్గా కొలిచి కలపాలి, కంటి అంచనా పనికిరాదు. ఎండాకాలంలో కలిపిన మిశ్రమం త్వరగా గట్టిపడుతుంది కాబట్టి కొద్దికొద్దిగానే కలుపుకోండి. తెలుపు లేదా మీగడ రంగు తీసుకుంటే తర్వాత మూత తీసినప్పుడు నూనె నల్లబడిందా, లోహపు రజను ఉందా అన్నది ఇట్టే కనిపిస్తుంది.

ఇండియానా తెలుగు

నేను ఇక్కడ అమెరికాలో ఇంటి గ్యారేజీలో పాత సౌత్ బెండ్ లేత్ మీద పని చేస్తుంటాను. ఆ కంపెనీ 1906లో ఈ ఇండియానా రాష్ట్రంలోనే మొదలైంది. ఆ చిన్న లేత్‌ల హెడ్‌స్టాక్‌లో మీ యంత్రంలో లాగా నూనె నిండి ఉండదు. స్పిండిల్ బేరింగులకు నూనెను కింది నుంచి ఫెల్టు వత్తులు పీల్చి అందిస్తాయి. అక్కడ ఒక్క రంగు పెచ్చు వత్తి దారిలో పడినా బేరింగుకు నూనె తగ్గిపోతుంది, అందుకే నూనె నిలిచే గుంటలలో రంగు వేయకుండా వదిలేశాను.

రంగు తీసే ద్రావకం గురించి ఒక హెచ్చరిక. మిథిలీన్ క్లోరైడ్ ఉన్న రకాలు చాలా వేగంగా పనిచేస్తాయి గానీ, వాటి ఆవిరి గాలి ఆడని చోట మనిషిని స్పృహ తప్పించి చంపగలదు. అలాంటి మరణాల తర్వాతే ఇక్కడి పర్యావరణ సంస్థ 2019లో వాటిని ఇంటి వాడకానికి అమ్మడం నిషేధించింది. హెడ్‌స్టాక్ పెట్టెలో తల దూర్చి పని చేస్తాం కనుక ఇది మీకూ నేరుగా వర్తిస్తుంది. తలుపులు తెరిచి, ఫ్యాను పెట్టి, డబ్బా మీద ఏముందో చదివి వాడండి.

బెజవాడ ఆటోనగర్

ఇంకొక మాట కూడా చర్చలో ఉండాలి. ఇసుక బాగా రాల్చి, లోపలంతా కడిగేశాక రంగు వేయకుండా బీడునే వదిలేసిన యంత్రాలు ఏళ్ల తరబడి చక్కగా నడవడం నేను చూశాను. రోజూ నూనె చిందే గోడకు తుప్పు పట్టదు. పైన విశాఖ ఫిట్టర్ గారు చెప్పిన క్రమాన్ని చివరిదాకా చేసే తీరిక లేకపోతే రంగు మానేయండి. ఊడిపోయే రంగు కంటే రంగు లేకపోవడం నయం, ఎందుకంటే ఉత్త బీడు పంపు జాలీని మూసేయదు.

కూకట్‌పల్లి టర్నర్

అందరికీ కృతజ్ఞతలు. పాత రంగు, ఇసుక తీసేశాను, వేడి చేసి తుడవడం కూడా అయింది. ఇప్పుడు బొట్లు రావడం లేదు. అయితే థిన్నర్‌తో ఎంత తుడిచినా తెల్ల గుడ్డ మీద బూడిద రంగు మరక వస్తూనే ఉంది. ఇంకా నూనె ఉన్నట్టేనా?

విశాఖ ఫిట్టర్

కాకపోవచ్చు. బీడులో సన్నటి గ్రాఫైట్ రేకులు ఉంటాయి, ఎంత శుభ్రమైన బీడును తుడిచినా అది గుడ్డకు అంటుతుంది. నూనె మరక జిడ్డుగా వ్యాపిస్తుంది, గ్రాఫైట్ మరక పెన్సిల్ గీతలా పొడిగా ఉంటుంది. సందేహం తీరాలంటే గోడ మీద కొద్దిగా మంచినీళ్లు చిలకరించండి. నీరు పలచటి పొరగా పరుచుకొని అలాగే నిలిస్తే లోహం శుభ్రంగా ఉన్నట్టు. తామరాకు మీద లాగా ముత్యాలుగా చీలిపోతే అక్కడ ఇంకా నూనె ఉంది. ఆ పరీక్ష చేసిన చోట వెంటనే వేడి గాలితో ఆరబెట్టడం మరవకండి.

మోటార్ వైండర్

రంగు వేసే ముందు బేరింగ్ బోరులు, షాఫ్టు రంధ్రాలు, మూత కూర్చునే మెషినింగ్ ముఖాలు, సైట్ గ్లాస్ (నూనె మట్టం చూసే గాజు) అంచు టేపుతో మూయండి. బోరులో సన్నటి రంగు పొర ఉన్నా బేరింగు సరిగా కూర్చోదు. నూనె తిరిగి అడుగుకు దిగే చిన్న రంధ్రాలలో నూలు పీచులు రాలని గుడ్డ ముక్కను బిరడాగా పెట్టి, రంగు కాస్త ఆరగానే తీసేయండి, పూర్తిగా గట్టిపడ్డాక తీస్తే అంచు రంగు దానితో పాటు లేస్తుంది.

బెజవాడ ఆటోనగర్

ఎపాక్సీ వేస్తే పైకి ఒక రోజులో ఆరినట్టు కనిపించినా నూనెకు తట్టుకునే గట్టిదనం రావడానికి సాధారణంగా వారం పడుతుంది, డబ్బా మీద అంతకంటే ఎక్కువ రాసి ఉంటే అదే పాటించండి. ఈలోపు గేర్లు, ఫోర్కులు కడిగి, కొత్త ఆయిల్ సీళ్లు తెచ్చుకోవచ్చు. బిగించాక మాన్యువల్‌లో చెప్పిన గ్రేడు నూనె పోసి, తక్కువ స్పీడులో కాసేపు తిప్పి, వేడిగా ఉండగానే మొత్తం వంపేయండి. ఆ నూనెను తెల్ల గుడ్డ మీద వడకట్టి చూసి, పంపు జాలీ మరోసారి కడిగి, అప్పుడు కొత్త నూనె పోయండి. డ్రెయిన్ ప్లగ్ లోపలి కొసకు చిన్న అయస్కాంతం బిగించే వీలుంటే ఇప్పుడే బిగించండి.