బుల్లెట్‌కి ఎడమ పక్కన సైడ్ కార్ (మనిషి కూర్చునే ఒంటి చక్రం తొట్టి) తగిలించాక మలుపులు తిప్పడం ఎలా?

పర్లాకిమిడి బుల్లెట్: ఎడమ మలుపులో పక్క చక్రం లేచిపోతోంది. బ్రేకేస్తే బండి కుడికి లాగేస్తోంది. ఖాళీ సైడ్ కార్‌తో సుంకి ఘాట్ దిగొచ్చా? ఆర్‌సీలో రాయించాలా?

గుణుపురం ఆటో: మూడు చక్రాలకి ఇంత రభసా! మలుపు ముందే గేరు దించు, మలుపులో బ్రేకు ముట్టకు. ఆటో తోలేవాడికి ఇదో లెక్కా?

జయపురం ఫిట్టర్: లెక్కే గురూ. ఆటోకి ముందు చక్రం నడిమధ్యన ఉంటుంది, ఎటు తిప్పినా ఒకటే. దీనికి ఎడమ గుణం వేరు, కుడి గుణం వేరు. గ్యాసిస్తే (యాక్సిలరేటర్ తిప్పితే) ఎడమకి, వదిలితే కుడికి తిరుగుతుంది. కుడి మలుపులో గ్యాసు తగ్గిస్తూ తిప్పాలి. ఎడమ మలుపుకి ముందే స్పీడు చంపి, లోపల సన్నగా గ్యాసు ఇస్తూ లాగాలి. కుడికి మరీ జోరుగా తిప్పితే బుల్లెట్ వెనక చక్రమే తేలుతుంది.

గుణుపురం ఆటో: ఆటో మలుపులో బ్రేకేస్తే ముందు మూల మీదికి పడదా? రెండూ ఒకటే!

రాయగడ రైడర్: పక్క చక్రం లేస్తే ముందు బ్రేకు గట్టిగా పట్టండి, దిగిపోతుంది.

జయపురం ఫిట్టర్: దిగుతుంది, బండి కూడా ఎదురు లారీ కిందకి దిగుతుంది! సైడ్ కార్‌కి బ్రేకు లేకపోతే బండి ఆగినా అది ముందుకే తోస్తుంది, ముక్కు కుడికి తిరుగుతుంది. ఘాట్‌లో అటే ఎదురు బళ్లు. ఒళ్లు ఎడమకి వాల్చి గ్యాసు మెల్లిగా వదలాలి. తెలీని సలహాలు రాయకు.

రాయగడ రైడర్: తెలిసిన మహానుభావులు, చిత్తం.

బరంపురం గ్యారేజీ: కొట్లాట ఆపి బిగింపు చూడండి. మేం కట్టిన సైడ్ కార్లకి ఈ లాగుడే ఉండదు. బండి రెండు చక్రాలకి ఒక తిన్నని ఇనప చానెల్, పక్క చక్రానికి ఇంకొకటి ఆనించి, రెంటి మధ్య దూరం కొలవండి. వెనక కంటే ముందు 12–20 మి.మీ. దగ్గరగా ఉండాలి. ఈ తేడా తక్కువైతే ఎడమకి లాగుతుంది, ఎక్కువైతే టైరు అరిగిపోతుంది. పక్క ఇరుసు వెనక ఇరుసుకి జానెడు ముందుండాలి. మనిషి కూర్చున్నాక బండి ఒకట్రెండు డిగ్రీలు కుడికి వాలాలి, మన రోడ్డు ఎడమ అంచుకి వాలు గనక.

రాయగడ రైడర్: బ్రేకు లాగుడు కొలతతో పోదు సారూ. పక్క చక్రానికి బ్రేకుండాలి.

జయపురం ఫిట్టర్: ఈ మాట మాత్రం నిజం. ఇంకోటి, బుల్లెట్ అలవాటున్న చెయ్యి కుడికి పోవాలని కుడి హ్యాండిల్‌ని ముందుకి తోస్తుంది. సైడ్ కార్ ఉంటే బండి వాలదు, హ్యాండిల్ తిరిగిన ఎడమకే పోతుంది. మొదటి గుద్దుడు అక్కడే. ఖాళీ మైదానంలో ఎనిమిది అంకె వెయ్యి. ఖాళీ సైడ్ కార్ అయితే లోపల, చక్రం దగ్గరగా, కింద 25–30 కిలోల ఇసుక బస్తా కట్టు. కదలకూడదు.

పర్లాకిమిడి బుల్లెట్: ఆర్‌సీ సంగతి?

గుణుపురం ఆటో: మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చూడు. ఆర్‌టీఓలో మార్పు నమోదు కాకుండా బోర్డర్ చెక్ పోస్టు దాటకు. ఆటో అయితే ఈ గొడవే లేదు.